షార్లెట్ మట్టి ట్రాక్, 1949: మొదట వచ్చిన కారు చివరికి ఎందుకు పోయింది

అమెరికాలో కార్ల రేసులు నడిపే నాస్కార్ సంస్థ రికార్డుల్లో మొట్టమొదటి స్ట్రిక్ట్‌లీ స్టాక్ (అంటే షోరూం కారును మార్చకుండా నడపాల్సిన) రేసు విజేత పేరు జిమ్ రోపర్. 1949 జూన్ 19, ఆదివారం నాడు నార్త్ కరోలైనా రాష్ట్రంలోని షార్లెట్‌లో ఆ రేసు చూసినవాళ్ళలో ఎవరిని అడిగినా మాత్రం గెలిచింది గ్లెన్ డనవే అనే చెప్పి ఉండేవారు. వాళ్ళు కళ్ళారా చూసింది అదే మరి. 200 ల్యాప్‌లు పూర్తయ్యేసరికి డనవే నడిపిన 1947 మోడల్ ఫోర్డ్, రోపర్ లింకన్ కంటే మూడు ల్యాప్‌లు ముందుంది. మూడు ల్యాప్‌లంటే ఫొటో తీసి తేల్చాల్సినంత దగ్గరి పోటీ ఏమీ కాదు. అయినా తనిఖీ అధికారి అల్ క్రిస్లర్ ఫోర్డ్ కింద స్ప్రింగులు చూశాక డనవే పేరు జాబితాలో అట్టడుగుకు, 33వ స్థానానికి పోయింది. మొదటి బహుమతి 2,000 డాలర్లు రోపర్‌కు దక్కింది.

ఒక దొంగ దొరికిపోయాడన్నట్టుగా ఈ సంగతిని చెప్పుకోవడం మామూలైపోయింది. కానీ ఆ కారులో తప్పు పట్టిన భాగం ఏమిటో, దాన్ని ఎందుకు అలా మార్చారో చూస్తే వ్యవహారం అంత తేలిగ్గా లేదు. ఏ మార్పునైతే రూలు వద్దందో, ఆ మార్పు లేకుండా 150 మైళ్ళు మట్టిలో తిరిగితే కారు నిలబడడమే కష్టం. రూలు అడిగింది ఒకటి, మట్టి అడిగింది ఇంకొకటి. రెండింటికీ పొసగనప్పుడు చివరి మాట ఎవరిది అన్న తగువు ఆ సాయంత్రం మొదలై కోర్టుకెక్కింది.

ముందు అసలు ఆ రేసు ఎందుకు పెట్టారో చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942 ఫిబ్రవరి నుంచి అమెరికాలో జనానికి అమ్మే కార్ల తయారీ ఆగిపోయింది. 1945లో ఫ్యాక్టరీలు మళ్ళీ తెరిచినా గిరాకీకి తగ్గ కార్లు రాలేదు. డబ్బు చేతిలో ఉన్నవాళ్ళు కూడా డీలర్ దగ్గర పేరు రాయించుకుని నెలల తరబడి ఎదురుచూశారు. అలాంటి రోజుల్లో కొత్త కార్లను తెచ్చి మట్టిలో గుద్దించుకుంటే చూసేవాడికి ఒళ్ళు మండుతుంది. 1948లో నాస్కార్ నడిపిన పోటీలన్నీ మాడిఫైడ్ కార్లవి కావడానికి అదొక కారణం. అంటే యుద్ధానికి ముందటి పాత ఫోర్డ్ కూపేలు. ఇంజన్, బాడీ యజమాని ఇష్టం.

ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో పెట్రోలు బంకు నడుపుతూ, తానూ రేసులు చేసి, తర్వాత నిర్వాహకుడిగా మారిన బిల్ ఫ్రాన్స్ 1947 డిసెంబరులో అక్కడి స్ట్రీమ్‌లైన్ హోటల్లో తోటి నిర్వాహకులను, మెకానిక్‌లను, డ్రైవర్లను కూర్చోబెట్టాడు. ఆ సమావేశంలో పుట్టిన సంస్థే నాస్కార్. 1948 ఫిబ్రవరిలో రిజిస్టర్ అయింది. అప్పటికి ఇలాంటి సంఘాలు అరడజనుకు పైగా ఉండేవి, ఎవరి చాంపియన్ వాళ్ళకే. కొందరు నిర్వాహకులు టికెట్ల డబ్బు మూటగట్టుకుని రేసు అయిపోకముందే ఉడాయించిన సందర్భాలూ ఉన్నాయి. 1949 నాటికి షోరూంలలో కొత్త మోడళ్ళు కనిపించడం మొదలైంది. షార్లెట్ చుట్టుపక్కల 22 ఏళ్ళ బ్రూటన్ స్మిత్ అనే కుర్రాడు ఇంకో ప్రత్యర్థి సంఘం తరఫున స్టాక్ కార్ల రేసులు పెడుతూ దూకుడు మీద ఉన్నాడు. కొత్త కార్ల పోటీ అతను ముందు పెట్టేస్తే ఫ్రాన్స్ సంస్థకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే బిల్ ఫ్రాన్స్ తానే వెళ్ళి స్మిత్ ఇలాకాలోనే, షార్లెట్‌లోనే ముహూర్తం పెట్టాడు.

ఫ్రాన్స్ లెక్క సూటిగా ఉంది. జనం ఏ కారులో వచ్చారో అదే కారు ట్రాక్ మీద పరుగెత్తాలి. హడ్సన్ ఉన్నవాడు హడ్సన్‌కు, ఓల్డ్స్‌మొబీల్ ఉన్నవాడు దానికి ఈలలేయాలి. ఆ మజా రావాలంటే ట్రాక్ మీది కారు నిజంగానే షోరూం కారై ఉండాలి, పైపైన అలా కనిపిస్తే చాలదు. అందుకే ఆ తరగతికి స్ట్రిక్ట్‌లీ స్టాక్ అని పేరు పెట్టారు. డ్రైవర్లు హెడ్‌లైట్లకు టేపు అంటించారు, చక్రాల మూతలు పీకేశారు, పరుగులో ఊడి తెరుచుకోకుండా తలుపులను బెల్టులతో కట్టేసుకున్నారు. ఇలాంటి ముందుజాగ్రత్తలు పోను మిగతాదంతా ఫ్యాక్టరీ ఎలా పంపితే అలాగే ఉండాలి. బ్యూక్, కాడిలాక్, క్రైస్లర్, ఫోర్డ్, హడ్సన్, కైజర్, లింకన్, మెర్క్యురీ, ఓల్డ్స్‌మొబీల్: తొమ్మిది కంపెనీల కార్లు 33 వచ్చాయి.

ఇక్కడ డబ్బు లెక్క ఒకటుంది. 1949లో కొత్త లింకన్ తక్కువలో తక్కువ 2,500 డాలర్ల పైమాటే. మొదటి బహుమతి 2,000. అంటే గెలిచినా కారు ఖరీదు రాదు, బోల్తా పడితే కారే పోతుంది. ఇది పెట్టుబడి చూసుకుని చేసే పని కాదని అందరికీ తెలుసు. అయినా వచ్చారు. కొందరైతే ఆ కారునే రోడ్డు మీద నడుపుకుంటూ వచ్చి, అందులోనే పోటీ చేసి, అందులోనే ఇంటికి పోదామనుకున్నారు. రోపర్ అలా వచ్చినవాడే. పేపర్లో రోజూ వచ్చే ఒక బొమ్మల కథలో ఈ రేసు ప్రస్తావన చూసి, కాన్సస్ రాష్ట్రం నుంచి వెయ్యి మైళ్ళకు పైగా కారు నడుపుకుంటూ వచ్చాడు.

ఇప్పుడు ట్రాక్ సంగతి. అసలు కథానాయకుడు అదే.

షార్లెట్ స్పీడ్‌వే అనే ఆ ముప్పావు మైలు మట్టి చుట్టు ఊరికి పడమట, ఇప్పటి విమానాశ్రయానికి దగ్గర్లో, లిటిల్ రాక్ రోడ్డు పక్కన ఉండేది. తర్వాత ఇంటర్‌స్టేట్ 85 హైవే రావడంతో ఆనవాళ్ళు లేకుండా పోయింది. షార్లెట్‌లో ఇవాళ తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల కోసం ఎయిర్‌పోర్టుకు వెళ్ళే దారిలో ఆ చోటును దాటిపోయేవాళ్ళు చాలామందే ఉంటారు. ఇవాళ అందరూ చూసే పెద్ద షార్లెట్ మోటార్ స్పీడ్‌వే వేరు. అది ఊరికి అవతలి వైపు కాంకర్డ్‌లో ఉంది, 1960లో తెరిచారు. కట్టినవాళ్ళలో ఒకడు మనం పైన చూసిన బ్రూటన్ స్మిత్.

ఆ ప్రాంతమంతా ఎర్రటి బంకమట్టి. రేసుకు ముందు దానికి నీళ్ళు కొట్టి, చదును చేసి, చాలాచోట్ల కాల్షియం క్లోరైడ్ చల్లేవాళ్ళు. ఆ రసాయనం తేమను పట్టి ఉంచి దుమ్మును కొంతసేపు అణిచిపెడుతుంది. కొంతసేపే. తడిగా ఉన్నప్పుడు మట్టి టైరును గట్టిగా పట్టుకుంటుంది, కార్లు వేగంగా పోతాయి. జూన్ ఎండ ఒకపక్క, ముప్పై కార్ల టైర్ల రాపిడి ఇంకోపక్క; కాసేపటికి పై పొర పొడిపొడిగా రేగి గాల్లోకి లేస్తుంది. కింద మిగిలిన మట్టి సిమెంటు గచ్చులా గట్టిపడి నున్నగా మెరుస్తుంది, దాని మీద టైరు జారుతుంది. కార్లన్నీ ఒకే దారిన తిరగడం వల్ల మలుపుల్లో గుంతలు పడతాయి. మలుపు బయటి అంచున రేగిన మట్టి గట్టులా పేరుకుంటుంది. ధైర్యం ఉన్న డ్రైవరు కారు వెనక భాగాన్ని ఆ గట్టుకు ఆనించి జారుతూ తిరుగుతాడు. ముందున్న కారు లేపిన దుమ్ములో ముందేముందో కనిపించదు. మట్టి ట్రాక్ డ్రైవర్లు కళ్ళతో కంటే అలవాటుతో మలుపు తిప్పేవాళ్ళనడం అతిశయోక్తి కాదు.

ఓవల్ ట్రాక్ మీద కార్లు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి. ఎడమకు తిరిగే కొద్దీ బరువంతా కుడి చక్రాల మీదకు వెళ్తుంది, అందులోనూ కుడివైపు ముందు చక్రం మీదకు. 1940ల నాటి అమెరికన్ కారు ఎత్తుగా, బరువుగా, కుటుంబం కూర్చుని కుదుపు లేకుండా పోవడానికి మెత్తటి స్ప్రింగులతో తయారైన వాహనం. అలాంటిదాన్ని గుంతల మలుపులో వంద కిలోమీటర్ల వేగంతో తిప్పితే బాడీ కుడికి ఒరిగిపోతుంది. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా స్ప్రింగు అడుగంటుతుంది. అప్పటి చక్రాలు పల్చటి రేకుతో నొక్కి చేసినవి. బోల్టు పట్టే రంధ్రాలు సాగి, చక్రం బోల్టుల మీంచి ఊడిపోవడం ఆ రోజుల్లో తరచూ జరిగేది. రేడియేటర్ జల్లెడలో మట్టి అడ్డుపడి ఇంజన్ ఉడికిపోవడం మామూలే.

షార్లెట్‌లో ఆ రోజు సరిగ్గా ఇవే జరిగాయి. క్వాలిఫైయింగ్‌లో అందరికంటే వేగంగా తిరిగి మొదటి స్థానం నుంచి బయలుదేరిన బాబ్ ఫ్లాక్ ఇంజన్ పోయింది. ఆ తర్వాత చాలాసేపు ముందున్న బిల్ బ్లెయిర్ లింకన్ వేడెక్కి వెనకబడింది. చివర్లో రోపర్ లింకన్‌కూ అదే గతి పట్టబోయింది, కాకపోతే అతను వేగం తగ్గించుకుని కారును కాపాడుకున్నాడు. కారు పోయిన బాబ్ ఫ్లాక్ ఊరుకోలేదు, సారా క్రిస్టియన్ ఫోర్డ్ తీసుకుని ఆమె బదులు మిగతా ల్యాప్‌లు నడిపాడు. ఆ కారు 14వ స్థానంలో వచ్చింది. నాస్కార్ తొలి రేసులోనే ఒక మహిళ పోటీ చేసిందన్న విషయం చాలామందికి తెలియదు. అదే ఏడాది పిట్స్‌బర్గ్ దగ్గరి హైడెల్‌బర్గ్ ట్రాక్ మీద ఆమె అయిదో స్థానంలో వచ్చింది. డేటోనా రేసులో బాబ్ ఫ్లాక్ సోదరి ఎథెల్ తన సోదరుల్లో ఇద్దరి కంటే ముందు వచ్చింది.

లీ పెట్టీ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, మన వాదనకు అదే పెద్ద సాక్ష్యం. నార్త్ కరోలైనాలోనే లెవెల్ క్రాస్ అనే పల్లెకు చెందిన ఇతనికి అప్పటికి 35 ఏళ్ళు. తెలిసినవాళ్ళ దగ్గర 1946 బ్యూక్ రోడ్‌మాస్టర్ అరువు తెచ్చుకుని, పదకొండేళ్ళ కొడుకు రిచర్డ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. రోడ్‌మాస్టర్ అంటే అప్పట్లో దర్జా కారు. రెండు టన్నులకు కొంచెం తక్కువ బరువు, నాలుగు చక్రాలకూ మెత్తటి కాయిల్ స్ప్రింగులు. రూలు ప్రకారం అక్షరాలా స్టాక్ కారు. రేసు సగం దాటాక అది మలుపులో పల్టీలు కొట్టి తుక్కయింది. పెట్టీకి పెద్ద దెబ్బలేమీ తగల్లేదు గానీ ఇంటికి వెళ్ళడానికి కారు లేదు. దారిన పోయేవాళ్ళను లిఫ్ట్ అడగాల్సి వచ్చింది. అరువిచ్చినవాడికి ఏం చెప్పాలన్న టెన్షన్ వేరే. ఆ దెబ్బతో బరువైన కారు మట్టికి పనికిరాదని అతనికి అర్థమైంది. తేలికపాటి ప్లిమత్ కొనుక్కుని అక్టోబరులో హైడెల్‌బర్గ్‌లో గెలిచాడు. తర్వాత మూడుసార్లు చాంపియన్ అయ్యాడు.

రూలును తు.చ. తప్పకుండా పాటించిన బ్యూక్ పల్టీ కొట్టింది. రూలు తప్పిన ఫోర్డ్ మూడు ల్యాప్‌ల తేడాతో ముందొచ్చింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఫోర్డ్ యజమాని హ్యూబర్ట్ వెస్ట్‌మోర్‌లాండ్. డనవే ఆ రోజు ట్రాక్ దగ్గరికి చేతులూపుకుంటూ వచ్చాడు, నడపడానికి కారు లేదు. వెస్ట్‌మోర్‌లాండ్ తన కారు ఇచ్చాడు. అది నాటుసారా మోసిన కారు. ఇందులో దాచేదేమీ లేదు, అక్కడ అందరికీ తెలిసిందే. మద్య నిషేధం 1933లోనే ఎత్తేసినా, పన్ను ఎగ్గొట్టి అడవుల్లో మొక్కజొన్న నాటుసారా కాచి పట్నాలకు చేరవేయడం ఆ కొండ ప్రాంతాల్లో పెద్ద వ్యాపారంగా సాగుతూనే ఉంది. పైకి చూడటానికి మామూలు ఫోర్డ్. లోపల వెనక సీటు తీసేసి వంద గ్యాలన్లకు పైగా సారా ఎక్కించేవాళ్ళు. వంద గ్యాలన్లంటే సీసాలు, డబ్బాల బరువు కాకుండానే 350 కిలోలు. అంత బరువు వేస్తే ఏ కారైనా వెనక కుంగిపోతుంది. కుంగిన కారును ఎక్సైజ్ వాళ్ళు అరమైలు దూరం నుంచే పసిగడతారు. పైగా కొండదారి మలుపుల్లో వాళ్ళను తప్పించుకోవాలంటే కారు ఊగకూడదు. అందుకని వెనక స్ప్రింగులను గట్టి చేసేవాళ్ళు.

ఎలా చేసేవాళ్ళంటే, 1948 మోడల్ దాకా ఫోర్డ్ కార్లకు ముందొకటి, వెనకొకటి అడ్డంగా కమాన్ కట్టలుండేవి. మన లారీల కింద ఛాసిస్ పొడుగునా కనిపించే కమాన్ పట్టీల్లాంటివే, కాకపోతే ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి అడ్డంగా. నడుమ ఛాసిస్‌కు బిగించి, రెండు కొసలను షాకిల్స్ అనే ఊగే లింకులతో ఇరుసుకు తగిలిస్తారు. ఆ కొసలను ఎడంగా జరిపి, కట్టను సాగదీసి బిగిస్తే అది బిర్రుగా అవుతుంది. బరువు వేసినా కుంగదు, మలుపులో బాడీ పక్కకు వాలదు. కొండదారిలో ఎక్సైజ్ జీపుకు దొరక్కుండా తప్పించిన గుణమే మట్టి ట్రాక్ మీదా పనికొచ్చింది. గుంతల్లో ఎగరకుండా, మలుపులో ఒరగకుండా ఆ ఫోర్డ్ నిలకడగా తిరిగింది. పక్కవాళ్ళ పెద్ద ఇంజన్లు ఒక్కొక్కటిగా ఉడికిపోతుంటే ఇది తన దారిన తాను పోయింది.

క్రిస్లర్ తప్పు పట్టింది ఈ సాగదీసిన వెనక స్ప్రింగులనే. ఇంజన్లో ఏదో దాచాడనో, ఎక్కువ శక్తి వచ్చేలా చేశాడనో అభియోగం లేదు. సారా మోసిందన్నదీ నేరం కాదు. అలా అయితే ఆ మైదానంలో సగం కార్లు వెనక్కి పోవాల్సిందే. మూడో స్థానంలో వచ్చి, ఆ ఏడాది తొలి చాంపియన్ అయిన రెడ్ బైరన్ కారు యజమాని రేమండ్ పార్క్స్ అట్లాంటాలో ఏ వ్యాపారంతో పైకొచ్చాడో ఫ్రాన్స్‌కు బాగా తెలుసు. సంస్థ తొలి రోజుల్లో పార్క్స్ డబ్బు చాలాసార్లు ఆదుకుంది కూడా. బైరన్ యుద్ధంలో బాంబర్ విమానంలో ఉండగా ఎడమ కాలికి తీవ్రంగా దెబ్బ తగిలినవాడు. క్లచ్ తొక్కడానికి వీలుగా ఆ కాలికి ఉన్న ఇనుప పట్టీ పెడల్‌కు ఆనేలా అమర్చుకుని రేసు చేసేవాడు. దాన్నెవరూ తప్పనలేదు. తప్పేమిటో, కానిదేమిటో నిర్ణయించింది ఫ్రాన్స్ సంస్థ ఒక్కటే.

ఇక్కడ ఫ్రాన్స్ వైపు నుంచి ఆలోచిస్తే అతనికి వేరే దారి లేదనే అనిపిస్తుంది. జనానికి అమ్మిన మాట ఒక్కటే: ఇవి మీ కార్లే. మొదటి రేసులోనే గెలిచిన కారు వెనక భాగం ఎవరో షెడ్డులో మార్చిందని తేలి, అయినా బహుమతి ఇచ్చేస్తే రెండో రేసుకు అందరూ షెడ్డులో మార్చిన కార్లతోనే వస్తారు. మళ్ళీ మాడిఫైడ్ రేసే. పక్కన బ్రూటన్ స్మిత్ కాచుకుని కూర్చున్నాడు. ఆ పరిస్థితిలో డనవేను వదిలేయడం కంటే, స్టాండ్స్‌లో జనం చూసిన ఫలితాన్ని తిరగరాయడమే తక్కువ నష్టమనుకుని ఉంటాడు. పోటీ అన్యాయం కాకూడదని రోపర్ ఇంజన్‌నూ విప్పించారు. తనిఖీకి దాన్ని అక్కడే ఉంచేసుకోవడంతో, రోపర్ షార్లెట్‌లోని లింకన్ డీలర్ దగ్గర ఇంకో ఇంజన్ వేయించుకుని కాన్సస్ వెళ్ళాడు. తొలి విజేత ఆ తర్వాత నాస్కార్ పెద్ద రేసుల్లో ఇంకొక్కసారి మాత్రమే కనిపించాడు.

వెస్ట్‌మోర్‌లాండ్ ఊరుకోలేదు. 10,000 డాలర్లకు నాస్కార్ మీద దావా వేశాడు. అది మొదటి బహుమతికి అయిదు రెట్లు. గ్రీన్స్‌బరోలో జడ్జి జాన్ హేస్ ఆ ఏడాది చివర్లో దాన్ని కొట్టేశాడు. నాస్కార్ చరిత్రలో ఈ తీర్పుకు ఇవ్వాల్సినంత చోటు ఇవ్వరు. ట్రాక్ మీద ఏ రేసు ఫలితం కంటే కూడా దీని విలువ ఎక్కువ. పుట్టి రెండేళ్ళు నిండని ఒక ప్రైవేటు సంస్థ తన రూలు తానే రాసుకుని, తానే తనిఖీ చేసి, తానే శిక్ష వేయవచ్చని తేలిపోయింది. మిగతా సంఘాలు ఒక్కొక్కటే కనుమరుగై, నాస్కార్ మిగలడానికి ఉన్న అనేక కారణాల్లో ఇదీ ఒకటి.

వెస్ట్‌మోర్‌లాండ్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య పగేమీ మిగల్లేదు. 1950 సెప్టెంబరు 4న సౌత్ కరోలైనాలోని డార్లింగ్‌టన్‌లో తారు వేసిన కొత్త ట్రాక్ మీద మొదటి 500 మైళ్ళ రేసు జరిగింది. 75 కార్లు, ఆరు గంటలకు పైగా పట్టింది. గెలిచింది జానీ మాంట్జ్ నడిపిన చిన్న ప్లిమత్. తారు మీద పెద్ద కార్ల టైర్లన్నీ అరిగి పేలిపోతుంటే, మాంట్జ్ గట్టి ట్రక్కు టైర్లు వేసుకుని నింపాదిగా తిరిగాడు. ఆ ప్లిమత్ యజమానుల్లో ఒకడు వెస్ట్‌మోర్‌లాండ్. ఇంకొకడు సాక్షాత్తూ బిల్ ఫ్రాన్స్. రూలు రాసేవాడే పోటీలో కారు దించడం ఇవాళైతే పెద్ద గొడవ అయ్యేది.

రూలు గెలిచింది, సరే. మట్టి ఏమైంది? అది ఊరుకోలేదు. 1950లోనే ఆ తరగతి పేరు గ్రాండ్ నేషనల్‌గా మార్చారు; 'స్ట్రిక్ట్‌లీ' అన్న మాట ఎగిరిపోయింది. చక్రాలు ఊడిపోతున్నాయి, కార్లు బోల్తా పడుతున్నాయి, మనుషులు చచ్చిపోతారు. ఏడాది ఏడాదికీ రూలు సడలుతూ వచ్చింది. చక్రాలను, ముందు ఇరుసు భాగాలను బలపరచుకోవడానికి, లోపల ఇనుప పైపుల చట్రం వేసుకోవడానికి వీలిచ్చారు.

కార్ల కంపెనీలు ఇంకా తెలివైన దారి కనిపెట్టాయి. హడ్సన్ కంపెనీ 1951 నుంచి తన హార్నెట్ మోడల్‌కు 'తీవ్ర వాడకం' పేరుతో గట్టి సస్పెన్షన్, బలమైన హబ్బులు, పదునైన ఇంజన్ భాగాలు అమ్మడం మొదలుపెట్టింది. కాగితం మీద అవి గతుకు రోడ్ల మీద తిరిగే వినియోగదారుల కోసం. నిజానికి కొన్నది రేసు చేసేవాళ్ళు. కేటలాగులో పార్టు నంబరు ఉంది కాబట్టి అది స్టాక్ భాగమే, తనిఖీ అధికారి అభ్యంతరం చెప్పడానికి లేదు. దానికి తోడు హార్నెట్ కారు లోపలి నేల బాగా కిందకు ఉండడంతో మలుపులో ఒరిగేది కాదు. 1952లో జరిగిన 34 రేసుల్లో 27 హడ్సన్ గెలిచింది. గట్టి స్ప్రింగులు కావాలన్నది వెస్ట్‌మోర్‌లాండ్ షెడ్డులో పెట్టుకున్న ఆలోచనే. అదే పని డెట్రాయిట్ ఫ్యాక్టరీ చేసి, నంబరు వేసి, బిల్లు ఇస్తే న్యాయమైపోయింది. రెండేళ్ళలో మారింది స్ప్రింగు కాదు, దాని మీది ముద్ర. డనవేకు అన్యాయం జరిగిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకునేది ఈ ఒక్క మేరకే.

మట్టి ట్రాక్‌లు మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. తారు మీద దుమ్ము లేదు, నీళ్ళ ట్యాంకర్ల ఖర్చు లేదు, వేగం ఎక్కువ. మార్టిన్స్‌విల్‌కు 1955లో తారు వేశారు. 1960ల చివరికి గ్రాండ్ నేషనల్ పట్టికలో మట్టి రేసులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. ఆఖరిది 1970 సెప్టెంబరు 30న ర్యాలీ నగరంలోని ఫెయిర్‌గ్రౌండ్స్ అరమైలు ట్రాక్ మీద జరిగింది. గెలిచింది రిచర్డ్ పెట్టీ, షార్లెట్‌లో నాన్న బ్యూక్ పల్టీ కొడుతుంటే చూసిన పిల్లవాడు. అప్పటికి పెట్టీ కుటుంబం తమ మట్టి ట్రాక్ ప్లిమత్‌ను అమ్మేసింది కూడా. ఈ ఒక్క రేసు కోసం కొన్నవాడి దగ్గరే తిరిగి అద్దెకు తెచ్చుకున్నారు. 1972లో సిగరెట్ కంపెనీ స్పాన్సర్‌షిప్‌తో పట్టికను 48 రేసుల నుంచి 31కి కుదించి, 250 మైళ్ళలోపు రేసులు తీసేయడంతో చిన్న ట్రాక్‌లకు దారి మూసుకుపోయింది. 2021లో టెనెస్సీలోని బ్రిస్టల్ కాంక్రీట్ ట్రాక్ మీద లారీలతో మట్టి పోయించి మళ్ళీ ఒక పెద్ద రేసు నడిపారు గానీ మూడేళ్ళకే ఆపేశారు. పాత మట్టి ట్రాక్ ఎలా ఉండేదో చూడాలనుకునేవాళ్ళకు నార్త్ కరోలైనాలో హిల్స్‌బరో దగ్గర ఒకానీచీ స్పీడ్‌వే ఉంది. 1968లో మూతపడిన ఆ చుట్టు ఇప్పుడు చెట్ల మధ్య కాలిబాట. రోపర్ రెండోసారి, ఆఖరుసారి పోటీ చేసింది అక్కడే.

గెలిచినవాడి పేరు కొట్టేసే శిక్ష ఏమైందన్నది ఇంకో ఆసక్తికరమైన పాయ. 1960 ఏప్రిల్‌లో విల్సన్ అనే ఊళ్ళో, అదీ మట్టి ట్రాకే, మొదట వచ్చిన ఇమాన్యుయెల్ జెర్వాకిస్ కారుకు ఉండాల్సిన దానికంటే పెద్ద పెట్రోలు ట్యాంకు ఉందని తేల్చి విజయాన్ని జో వెదర్లీకి ఇచ్చారు. ఆ తర్వాత అరవై ఏళ్ళకు పైగా పెద్ద సిరీస్‌లో అలా జరగలేదు. కార్లన్నీ సక్రమంగా ఉన్నాయని కాదు. జనం ఇంటికి వెళ్ళేటప్పుడు గెలిచిందెవరో తెలిసి వెళ్ళాలి, మర్నాడు పేపర్లో వేరే పేరు రాకూడదన్నది నాస్కార్ పట్టుకున్న విధానం. అంటే 1949లో తాను చేసిన పనినే మళ్ళీ చేయకూడదనుకుంది. 1983 అక్టోబరులో షార్లెట్‌లోనే, ఈసారి పెద్ద స్పీడ్‌వే మీద, రిచర్డ్ పెట్టీ గెలిచాడు. తనిఖీలో ఇంజన్ అనుమతించిన దానికంటే పెద్దదని, ఎడమవైపు వేయాల్సిన మెత్తటి టైర్లు కుడివైపు వేశారని తేలింది. డనవే స్ప్రింగులతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు పెద్ద తప్పు. 35,000 డాలర్ల జరిమానా వేశారు, 104 పాయింట్లు కోశారు. విజయం మాత్రం ఆయన ఖాతాలోనే ఉంచారు. ఆయన మొత్తం 200 విజయాల్లో అదీ ఒకటిగా ఇప్పటికీ లెక్కలో ఉంది. పేరున్నవాడికో న్యాయం, కారు కూడా లేకుండా వచ్చినవాడికో న్యాయమా అని అడిగితే సంస్థ దగ్గర సరైన జవాబు ఉండదు.

జరిమానా కట్టేసి గెలుపు ఉంచుకోవడం టీములకు అలవాటైపోవడంతో 2019లో ఆ విధానాన్ని తిరగేశారు. 2022 జులై 24న పెన్సిల్వేనియాలోని పొకోనోలో డెన్నీ హామ్లిన్ మొదట వచ్చాడు, అతని టీముకే చెందిన కైల్ బుష్ రెండో స్థానంలో. తనిఖీలో ముందు బంపర్ మీద, రంగు పొర కింద ఉండకూడని చోట టేపు అంటించి ఉందని ఇద్దరినీ కొట్టేశారు. ఆ రేసులో ఒక్క ల్యాప్ కూడా ముందు నడవని, మూడోగా వచ్చిన చేజ్ ఎలియట్‌ను విజేతగా ప్రకటించారు. వాళ్ళిద్దరి టీము అయిన జో గిబ్స్ రేసింగ్ కోర్టు మాట అటుంచి, నాస్కార్ అప్పీలు కమిటీ గడప కూడా తొక్కలేదు.